కుడి దవడ పన్ను

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు బడికి డాక్టర్లు వచ్చారు. ప్రతి ఏడాదీ వస్తారు. తెల్ల వ్యానులో ముగ్గురు దిగి, పిల్లల్ని వరసగా నిలబెట్టి బరువు తూచి, కళ్ళు చూసి, నోట్లో టార్చిలైటు వేసి చూస్తారు. ఏదన్నా తేడా కనపడితే ఒక కార్డు రాసిస్తారు. ఆ కార్డు పట్టుకుని గుంటూరులో గవర్నమెంటు ఆసుపత్రికి పోతే ఉచితంగా చూస్తారు. ఆ ఏడాది మా అమ్మాయికి కార్డు ఇచ్చారు. కుడివైపు కింది దవడలో పిప్పి పన్ను ఉందని, పన్ను పోకముందే తీసుకురావాలని దాంట్లో రాసి ఉంది. ఏ రోజు రావాలో కూడా రాశారు.

ఆ రోజుకి నేను తీసుకుపోలేదు. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి దాకా. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా ఊరు గుంటూరుకి ఆటోలో ముప్పావు గంట. మా ఆయన కౌలుకి కొంచెం పత్తి వేస్తాడు, చేలో పని లేనప్పుడు మిర్చి యార్డులో మూటలు మోస్తాడు. నేను మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతాను. మాఘమాసం వచ్చిందంటే మా వైపు ఆడవాళ్ళం ఇంట్లో ఉండం. పొద్దున ఆరింటికే ఆటో వస్తుంది. ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని కోల్డ్ స్టోరేజీల దగ్గరికి పోతాం. అక్కడ రేకుల షెడ్డులో ఎర్రగా కాయలు కుప్ప పోసి ఉంటాయి. చుట్టూ కూర్చుని, ఒక్కో కాయకీ తొడిమ విరిచి పక్కన పడేస్తాం, రంగు పోయి తెల్లబడిన తాలుకాయ ఉంటే ఇంకో పక్క వేస్తాం. సాయంత్రం దాకా అదే పని. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా తుమ్ములూ దగ్గూ తప్పవు. కొన్నాళ్ళకి అవి అలవాటైపోతాయి.

చేతుల మంట కూడా అలవాటవుతుంది. అయితే అలవాటయ్యేది మన చేతులకే. సబ్బు పెట్టి కడిగినా, కొబ్బరినూనె రాసి తుడిచినా ఆ ఘాటు చర్మంలో ఉండిపోతుంది. మనకి తెలియదు. మనం ముట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది. అందుకని మా పనిలో ఉన్న ఆడవాళ్ళు చంటిపిల్లలకి కాటుక పెట్టరు. పిల్లల ముక్కు తుడవాలన్నా కొంగుతో తుడుస్తారు. షెడ్డులో నా పక్కన కూర్చునే వదిన ఒకామె ఉంది, మా ఊరే. "దొంగోడు ఎదురైతే కత్తెందుకే మనకి, మూతి మీద ఒక్క తుడుపు తుడిస్తే ఊరొదిలి పారిపోడూ" అని నవ్వించేది.

మా అమ్మాయికి ఏడాదిన్నర నిండేదాకా నేను పనికి పోలేదు. పోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి దానికి అన్నం ముద్దలు మా అత్తే పెట్టింది. పళ్ళు తోమడం నేర్పింది కూడా మా అత్తే. పిల్ల మూతి దగ్గరకి నా చెయ్యి పోయేది కాదు. పని లేని నెలల్లో కూడా అదే అలవాటు ఉండిపోయింది. నాకు దానివల్ల బాధ కూడా ఉండేది కాదు. అందరి ఇళ్ళల్లో అంతే కదా అనుకునేదాన్ని.

కార్డు ఇచ్చిన రోజు మా అమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చింది.

"అమ్మా, నాకు కార్డిచ్చారు. మా క్లాసులో ముగ్గురికే ఇచ్చారు."

మా అత్త నవ్వింది. "ఏందే, పరుగుపందెంలో ప్రైజు తెచ్చినట్టు తెచ్చావు?"

మర్నాడు బడి దగ్గర టీచరుగారు నన్ను ఆపి చెప్పారు. "పన్ను మధ్యలో గుంట పడిందంటమ్మా. ఇప్పుడైతే శుభ్రం చేసి సిమెంటు పెట్టేస్తారు, చిన్న పని. ఆలస్యం చేస్తే పన్ను దక్కదంట. మర్చిపోమాకండి."

మర్చిపోనండి అని చెప్పాను. ఇంటికొచ్చి మా అత్తకి చెప్తే ఆమె చేతిలో చాట పక్కన పెట్టి, పిల్ల నోరు తెరిపించి చూసింది.

"ఓస్, ఇదా. పాలపన్నేగా. ముందరివి రెండూ ఊడలా? వచ్చినయిగా మళ్ళీ మొక్కజొన్న గింజల్లాగా. ఇదీ ఊడుద్ది, ఇంకోటి వస్తది. ఊడిపోయేదానికి సిమెంటేందే?"

నాకూ ఆ మాట నిజమే అనిపించింది. దానికి అప్పుడు ఏడేళ్ళు. ముందు పళ్ళు ఊడి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. టీచరుగారు చదువుకున్నావిడ, అన్నీ జాగ్రత్తగా చెప్తారు, అంతే అనుకున్నాను. అయినా కార్డు వచ్చింది కదా, ఆ రోజుకి పోదాంలే అని కూడా అనుకున్నాను. రెండూ అనుకున్నాను.

తర్వాత వారానికో ఏమో, ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి పిల్ల గడప మీద కూర్చుని దవడ పట్టుకుని ఏడుస్తోంది. మా అత్త ఇంట్లో లేదు. అద్దంకి దగ్గర మా ఆడపడుచు ఊరికి పోయింది. మా ఆయన యార్డు నుంచి ఇంకా రాలేదు. పిల్ల ఏడుపు చూడలేక పక్కింటికి పోయి లవంగ నూనె అడిగి తెచ్చాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాను. మూడోసారి కూడా కడిగాననే గుర్తు. దూది ఉండ చేసి, నూనెలో ముంచి, "ఆ అనమ్మా" అన్నాను. అది నోరు బాగా పెద్దగా తెరిచింది. పన్ను గుంటలో దూది పెట్టి వేలితో నొక్కాను. జారిపోతోందని ఇంకోసారి నొక్కాను.

అప్పుడు అది వేసిన కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. లవంగ నూనె ఘాటేమో అనుకుని ఇంకొంచెం ఆపి పట్టుకున్నాను. తర్వాత దాని పెదాలు చూస్తే ఎర్రగా పొంగాయి. నాలుక బయటపెట్టి ఎగిరెగిరి పడుతోంది. కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మజ్జిగ ఇచ్చాను, పంచదార పెట్టాను. చాలాసేపటికి ఊరుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు అడిగాను, "పన్ను నొప్పి ఉందా అమ్మా?" అని.

"లేదు" అంది.

ఆ తర్వాత ఎప్పుడడిగినా లేదనే అంది. చేత్తో నోరు మూసుకుని తల అడ్డంగా ఊపేది. ఆటకి అట్లా చేస్తోందనుకున్నాను. లవంగ నూనె బాగా పనిచేసిందని షెడ్డులో వదినకి కూడా చెప్పాను.

కార్డు మీద రాసిన రోజు బుధవారం. ఆ వారం కాయ బాగా దిగింది. ఎవరన్నా ఒక్కరోజు మానినా వాళ్ళ చోటులో ఇంకొకరిని కూర్చోబెడతానని ముఠా మేస్త్రి ముందే చెప్పాడు. బుధవారం పొద్దున ఆటో వచ్చి మా వీధి మొదట్లో హారన్ కొడుతోంది. పిల్ల అప్పుడే లేచి కూర్చుంది.

"నొప్పి ఉందా? ఉంటే చెప్పు, ఆసుపత్రికి పోదాం" అన్నాను.

"లేదు."

"నిజంగా?"

"లేదన్నాగా."

హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట అనుకోవడం నాకు బాగా గుర్తుంది. చెప్పులు వేసుకుని ఆటో దగ్గరికి పరిగెత్తాను.

బళ్ళో మధ్యాహ్నం భోజనంలో పల్లీ చిక్కీ ఇస్తారు. మా అమ్మాయికి చిక్కీ అంటే ప్రాణం. చిక్కీ ఇచ్చే రోజు బడి మానమన్నా మానదు. అలాంటిది ఆ రోజుల్లో తనది తినకుండా నోటుపుస్తకం కాగితంలో చుట్టి నాకు తెచ్చేది.

"నీకే అమ్మా. పనిలో ఆకలైతే తిను" అనేది.

నేను ఎంత మురిసిపోయానో. షెడ్డుకి పట్టుకెళ్ళి వదినకి చూపించాను.

"నీ కూతురు నిన్ను ఇప్పటినుంచే పోషిస్తా ఉందే" అంది. "మా దరిద్రపుముండ కూడా ఉంది, నా కొంగున కట్టుకున్న తమలపాకు కూడా లాక్కుని నములుద్ది."

చెరి సగం తిన్నాం. చిక్కీ గట్టిగా ఉంది. కుడి దవడతో పటుక్కున కొరికాను. అట్లా ఎన్నిసార్లు తిన్నానో చెప్పలేను. ఒక్కసారి కూడా, అంత ఇష్టమైనది ఎందుకు తినడం లేదు అని నాకు తోచలేదు. అన్నం తినేటప్పుడు తల ఒక పక్కకి వాల్చి తినడం కూడా చూశాను. "కూర వద్దు, పెరుగన్నం చాలు" అనడం విన్నాను. వంకలు పెడుతోందని మా అత్త కోప్పడింది. నేనూ కోప్పడ్డాను.

వేసవి పోయింది. పిల్ల మూడో తరగతికి వచ్చింది. దసరా సెలవులు అయి బడి తెరిచిన వారంలో, నేను పత్తి చేలో ఉండగా టీచరుగారు ఫోన్ చేశారు. "మీ పాపకి మొహం వాచిందమ్మా, ఒకసారి రండి" అన్నారు. పొద్దున నేను చేలోకి వచ్చేటప్పటికి అది దుప్పటి ముసుగు పెట్టుకుని ఉంది. మొహం చూడలేదు నేను.

బడికి పోయేసరికి తెల్ల వ్యాను కూడా అక్కడే ఉంది. ఆ రోజే వాళ్ళూ వచ్చారు. మా అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. కుడి చెంప నిమ్మకాయంత లేచి, ఆ వైపు కన్ను సగం మూసుకుపోయింది. పోయినేడు కార్డు రాసిన డాక్టరమ్మే పక్కన ఉంది.

"పోయినసారి రాసిచ్చాం గదమ్మా. రాలేదేం?" అంది.

"పని ఉందండీ. నొప్పి లేదంది పిల్ల."

ఆమె కేకలేయలేదు. వేసినా బాగుండేది. ఇంకో కార్డు రాసి, "రేపే పోండి. నేను అక్కడికి ఫోన్ చేసి చెప్తాను" అంది.

మర్నాడు నేనూ పిల్లా బస్సులో గుంటూరు పోయాం. ఆసుపత్రిలో చీటీ రాయించి, పళ్ళు చూసే గది ముందు బల్ల మీద కూర్చున్నాం. చుట్టూ అన్నీ తల్లులూ పిల్లలే. ఒక పిల్లవాడు లోపలికి రానని తలుపు పట్టుకుని వేలాడుతుంటే అందరూ నవ్వుతున్నారు. మా అమ్మాయి ఏడవలేదు. పిలవగానే తనే నడుచుకుంటూ పోయి ఆ పెద్ద కుర్చీ ఎక్కి కూర్చుంది.

లోపల ఉన్న పళ్ళ డాక్టరమ్మది చిన్న వయసు. మూతికి మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు పెట్టుకుని ఉంది. "నోరు తెరువు బంగారం. నేను వేలు పెట్టను, ఈ బుల్లి అద్దమే పెడతాను, చూడు" అంది.

మా అమ్మాయి ఆమె చేతుల వైపు చూసింది. "తొడుక్కున్నారుగా. వేలు పెట్టొచ్చు" అంది.

"ఓహో, పర్మిషన్ ఇచ్చావా. మరి తొడుక్కోకపోతే?"

"మండుద్ది."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నోట్లో చూస్తూ మాట కలిపింది. "ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

"రోజూ."

"రోజూనా? మరి అమ్మకి చెప్పలేదేం?"

"చెప్తే దూది పెట్టుద్ది. అమ్మ వేలు మండుద్ది."

నన్ను తప్పు పట్టినట్టు అనలేదు. ఎండ కాలుద్ది అన్నట్టు అంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"మీరేం పని చేస్తారమ్మా?"

"మిరపకాయలండీ. తొడిమలు తీస్తాం."

ఆమె నా చేతులు చూసింది. నేను కొంగు కిందకి లాక్కున్నాను. ఎనిమిది నెలలు ఆ పిల్ల నొప్పి మింగింది. నేను అడిగిన ప్రతిసారీ లేదని చెప్పింది, నా వేలికి భయపడి. ఆ గదిలో నిలబడి ఆ సంగతి నాకు తెలిసింది. చిక్కీల సంగతి కూడా అప్పుడే అర్థమైంది. నోట్లో ఇంకా ఆ తీపి ఉన్నట్టే ఉంది.

ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, "పీకేయండి మేడమ్. ఎట్టాగూ పాలపన్నేగా. దాని బాధ పోద్ది, కొత్తది వస్తది" అన్నాను.

"పాలపన్నని ఎవరు చెప్పారమ్మా?"

ఆమె అద్దం పక్కన పెట్టింది.

"ఇది పాలపన్ను కాదు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనకాల దానంతటదే వస్తుంది. ఏదీ ఊడకుండా వస్తుంది కాబట్టి వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. పాలపళ్ళతో పాటే ఉందనుకుంటారు. మీరొక్కరే కాదు, చాలామంది అంతే. కానీ ఇది ఊడి మళ్ళీ వచ్చేది కాదమ్మా. ముసలయ్యేదాకా ఇదే ఉండాలి."

"అయితే పీకొద్దండీ" అన్నాను. "సిమెంటు పెట్టండి. టీచరుగారు సిమెంటు పెడతారన్నారు."

"అప్పుడు తెచ్చుంటే పెట్టేవాళ్ళం. ఇప్పుడు వేరు దాకా పోయి చీము పట్టింది. ముందు వాపు తగ్గనీయండి. ఐదు రోజులు మందులు వెయ్యండి. ఉప్పునీళ్ళతో పుక్కిలించి, ఆ పన్ను చుట్టూ మెత్తటి గుడ్డతో మీరే తుడవండి. తగ్గాక లోపల ఎంత మిగిలిందో చూస్తాను. నిలబడేట్టుంటే నిలబెడతాను. మాట మాత్రం ఇవ్వలేను."

మందులు ఇచ్చారు, ఫోటో తీశారు. ఎక్కడా ఎవరూ పైసా అడగలేదు. డబ్బు లేక పన్ను పోయిందని చెప్పుకుంటే ఊళ్ళో నలుగురూ అయ్యో అంటారు. నాకు ఆ మాట కూడా లేదు. ఒక్క బుధవారం అడిగారు వాళ్ళు నన్ను.

ఆ ఐదు రోజులూ నేను ఏ పనికీ పోలేదు. అప్పటికి కొత్త కాయ రాకపోయినా, పాత సరుకు పని షెడ్డులో నడుస్తూనే ఉంది, ముందు వారమంతా దానికి పోయి ఉన్నాను. చేతుల్లో ఘాటు అలాగే ఉంది. మజ్జిగలో నానబెట్టాను. శనగపిండితో రుద్దాను. పొయ్యి బూడిదతో రుద్దాను. గోళ్ళు మాంసం దాకా కత్తిరించాను. వేలు నా నాలుక మీద పెట్టుకుని చూశాను, ఏమీ తెలియలేదు. ఆరేళ్ళుగా మండి మండి నా నాలుకకి కూడా తెలియడం మానేసిందేమోనని భయం వేసింది. మా ఆయన్ని పిలిచాను.

"ఇటు రా. నీ పెదానికి రాసి చూస్తా."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. అన్నా వచ్చి కూర్చున్నాడు. రాయగానే మొహం చిట్లించి కుండ దగ్గరికి పోయాడు.

రెండో రోజు రాశాను. "ఉంది" అన్నాడు. మూడో రోజు, "ఇంకా కొంచెం ఉంది. అట్టా రుద్దుతా ఉంటే తోలు ఊడొచ్చుద్దే" అన్నాడు. నాలుగో రోజు నాలుకతో పెదం తడుముకుని చాలాసేపు ఆలోచించాడు. "లేదు" అన్నాడు.

"ఒట్టు?"

"ఒట్టే. బూడిద రుచి వస్తా ఉంది, అంతే."

గుడ్డ తడిపి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. "నోరు తెరువమ్మా. ఇప్పుడు మండదు. నాన్నకి రాసి చూశా. అడుగు కావాలంటే."

అది వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన పెదవి చూపించి, "ఏం లేదురా తల్లీ, చూడు" అన్నాడు.

"నాన్న పెద్దోడు గదా" అంది మా అమ్మాయి. పెదాలు లోపలికి మడిచి బిగబట్టింది.

బలవంతం చేయలేదు నేను. గుడ్డ మా అత్తకి ఇచ్చాను. మా అత్త చూపు మందం, చేతులు వణుకుతాయి. అయినా ఆమె పిలిస్తే పోయి నోరు తెరిచింది. ముందు మూడు రోజులూ తుడిచినట్టే మిగతా రెండు రోజులూ ఆమే తుడిచింది. ఆ పన్ను నిలబడాలని నేను దేవుడి పటం ముందు దండం పెట్టుకుంటుంటే, వెనక నుంచి మా అత్త కూడా వచ్చి పక్కన నిలబడింది.

ఆరో రోజు మళ్ళీ ఆసుపత్రికి పోయాం. వాపు తగ్గింది. మొహం మామూలుగా అయ్యేసరికి నాకు కొంచెం ఆశ పుట్టింది. డాక్టరమ్మ ఫోటో వెలుగుకి పెట్టి చూసింది. సన్నటి పుల్లతో పన్ను మీద తట్టి చూసింది, లోపల గుచ్చి చూసింది. పిల్ల కదలకుండా కూర్చుంది. డాక్టరమ్మ పుల్ల పక్కన పెట్టి నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"నిలబడదమ్మా. పైన గోడ లేదు, కింద వేర్ల మధ్య చీలిపోయింది. ఉంచితే మళ్ళీ చీము పడుతుంది, లోపల ఎముక కూడా పాడవుతుంది."

"ఇంకో ఐదు రోజులు మందులు వేస్తే?"

"లేదమ్మా."

సంతకం పెట్టమన్నారు. నాకు సంతకం వచ్చు. పెట్టాను. మత్తు సూది వేసేటప్పుడు "పాప చేతులు పట్టుకోండి" అంది. కొంగుని నా రెండు చేతులకీ చుట్టుకుని, ఆ గుడ్డ మీద నుంచి పట్టుకున్నాను. పిల్ల చేతులు చల్లగా ఉన్నాయని గుడ్డలోంచి కూడా తెలిసింది. అది నా వైపు చూడలేదు. డాక్టరమ్మ తొడుక్కున్న చేతుల వైపే చూస్తూ, చెప్పకముందే నోరు తెరిచింది. పన్ను ఒక్కసారిగా రాలేదు. రెండు ముక్కలుగా వచ్చింది.

ఎడమవైపు కూడా అట్లాంటి పన్నే ఉంది, దాంట్లో సూది మొన అంత గుంట పడిందని డాక్టరమ్మ చూపించింది. నెల తర్వాత రమ్మంది. ఆ రోజు నేను మర్చిపోలేదు. మేస్త్రికి ముందే చెప్పి, మానుకుని తీసుకెళ్ళాను. సిమెంటు పెట్టారు. నిజంగానే చిన్న పని. వదిన వాళ్ళ పిల్లని కూడా వెంటపెట్టుకుని పోయాను ఆ రోజు. "నా కూతురికి నోరు ఎక్కువ, పళ్ళు కూడా ఎక్కువే ఉంటయిలే" అని నవ్వింది గానీ పంపించింది.

పన్ను తీసిన రోజు బస్సులో పిల్ల దూది కరిచిపట్టి నా పక్కన కూర్చుంది. మాట్లాడకూడదని చెప్పారు. కిటికీలోంచి చూస్తూ పోయింది. రోడ్డు పక్కన పత్తి చేలు విచ్చుకుని తెల్లగా ఉన్నాయి. దానికి చెప్పాల్సింది ఎట్లా చెప్పాలా అని ఊరు వచ్చేదాకా ఆలోచించాను. చెప్పలేదు.

ఇంటికి రాగానే మా అత్త ఎదురొచ్చింది. "పన్ను తెచ్చారా? ఏదే, పేడలో పెట్టి ఇంటి మీద వేద్దాం. కొత్తది తొందరగా వస్తది" అంది. దండం పెట్టిందే గానీ, ఆమె మనసులో ఇంకా అది పాలపన్నే.

"ఇవ్వలేదు అత్తా" అన్నాను.

"అడగాల్సింది. వెయ్యకపోతే ఎట్టా వచ్చుద్ది?"

"అది మళ్ళీ రాదు."

పిల్ల పక్కనే ఉందని మర్చిపోయి అనేశాను. అది తలెత్తి చూసింది. దూదితోనే, ముద్ద ముద్దగా, "ఎప్పుడూ?" అని అడిగింది.

"ఎప్పుడూ రాదమ్మా."

"మరి ముందరివి వచ్చినయిగా?"

"అవి వేరు."

మా అత్త గుమ్మంలో కూలబడింది. తన బుగ్గ లోపల నాలుకతో తడుముకుంటూ, "నాకు ముప్పై ఏళ్ళు రాకముందే దవడ పళ్ళన్నీ పోయినయి. ఎవరు చెప్పారు, ఎవరు చూశారు? నాకేం తెలుసు" అంది. నన్ను చూసి కాదు, వీధిలోకి చూస్తూ అంది. నీ తప్పు కాదు అత్తా అని చెప్పాలి నేను. తర్వాత చెప్పాను.

గంట అయ్యాక దూది తీసేసి రక్తం ఆగిందో లేదో చూడమని చెప్పింది డాక్టరమ్మ. "ఏదీ, ఆ అను, చూస్తా" అన్నాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకునే అన్నాను. అది నన్ను ఒక్క క్షణం చూసి, నా పక్కనుంచి జరిగి వాళ్ళ నాయనమ్మ దగ్గరికి పోయింది. ఆమె మోకాళ్ళ మధ్య నిలబడి నోరు తెరిచింది. మా అత్త దూది బయటికి తీసింది. మొహం దగ్గరగా పెట్టి అటూ ఇటూ చూసింది.

"నాకు కనపట్టల్లేదే. ఆగిందా?"

నేను వెనకనుంచి పోయి, మా అత్త భుజం మీదుగా వంగి చూశాను. పక్కన పళ్ళు చిన్నగా, తెల్లగా ఉన్నాయి. వాటి వెనకాల, పన్ను ఉండాల్సిన చోట ఎర్రటి గుంట, దాంట్లో గడ్డకట్టిన రక్తం. పిల్ల కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి.

"ఆగింది అత్తా" అన్నాను.